గాడిద ‘బ్రే’ అనదు

బ్యాంకు పరీక్షల గైడ్లలోనూ, హైస్కూలు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల చివరి పేజీల్లోనూ ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమ పక్క జంతువు పేరు, కుడి పక్క దాని అరుపు. యాసెస్ బ్రే, ఫ్రాగ్స్ క్రోక్, హార్సెస్ నే, షీప్ బ్లీట్, లయన్స్ రోర్. మా తరం దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. ఇప్పటి పిల్లలూ అదే చేస్తున్నారు. ఇంగ్లీషు మొత్తంలో చెవికి అతి దగ్గరగా ఉండే మాటలు ఇవి. వాటిని ఒక్క చప్పుడైనా వినిపించకుండా కళ్లతో చదివించి, ఖాళీలు పూరించమంటాం. దీని మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది.

నేను పిల్లల కథలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేస్తుంటాను. ఈ మాటలతో నాకు రోజూ పేచీయే. కథలో కుక్క మొరిగినా, తలుపు కిర్రుమన్నా, తాతగారు దగ్గినా కలం ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతిసారీ ఒక సంగతి గట్టిపడుతూ వచ్చింది. ఆ పట్టికలో ఉన్నవాటిని జంతువుల అరుపులనడం తప్పు. ఇంగ్లీషు వాళ్ల చెవి, నోరు, చరిత్ర కలిసి తయారుచేసిన మాటలవి. మిగతా మాటల్లాగే పుడతాయి, అరుగుతాయి, అర్థం మార్చుకుంటాయి. ‘బ్రే’నే చూడండి. పాత ఫ్రెంచిలో ‘బ్రేర్’ అంటే గట్టిగా ఏడవడం, అరవడం. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో మనుషుల కేకలకూ వాడారు. తర్వాత తర్వాత గాడిద దగ్గర స్థిరపడింది. గాడిద ఓండ్ర పెట్టడం ఒక్కసారి విన్నవాళ్లెవరూ అందులో ‘బ్రే’ వినిపించిందని చెప్పరు.

కుక్క ఎక్కడైనా కుక్కే కదా, అనుకరణ అంటే విన్నది విన్నట్టు అనడమే కదా అని అడిగేవాళ్లుంటారు. ఈ తగవు మన దగ్గర చాలా పాతది. వేదంలోని మాటల పుట్టుక చెప్పే నిరుక్తంలో యాస్కుడు ‘కాక’ శబ్దం దగ్గర ఆగి, ఇది శబ్దానుకృతి, పక్షుల పేర్లలో ఇలాంటివి చాలా ఉంటాయి అన్నాడు. ఆ వెంటనే ఔపమన్యవుడనే మరో పండితుడి మాట కూడా చెప్పాడు. ఆయన లెక్కలో శబ్దానుకరణ అనేదే లేదు; తోలెయ్యాల్సిన పక్షి కాబట్టి కాకం అయిందట. చాలా శతాబ్దాల తర్వాత యూరప్‌లో భాషాశాస్త్రవేత్త సొస్యూర్ ఇదే తగవును మరో దారిలో పట్టుకున్నాడు. ఆయన పాఠాలు చనిపోయాక 1916లో పుస్తకంగా వచ్చాయి. నిజమైన ధ్వన్యనుకరణ పదాలు కొన్నే ఉంటాయనీ, అవి కూడా భాషలో అడుగుపెట్టాక మిగతా మాటలతో పాటే మారిపోతాయనీ అందులో ఉంది. పుట్టుక విషయంలో యాస్కుడిదే సరైన మాట అని నా నమ్మకం. పుట్టాక మాత్రం సొస్యూర్ చెప్పినట్టే జరుగుతుంది.

ఇంగ్లీషులో నవ్వుకి ‘లాఫ్’ అంటాం. ఆ స్పెల్లింగులో జీ, హెచ్ ఎందుకున్నాయని ప్రతి పిల్లా అడుగుతుంది, ‘అదంతే’ అని ప్రతి టీచరూ చెబుతాడు. అదంతే కాదు. పాత ఇంగ్లీషులో ఆ క్రియ ‘హ్లహ్హన్’, ‘హ్లిహ్హన్’ లాంటి రూపాల్లో ఉండేది. పైకి అని చూడండి, గొంతు దానంతటదే నవ్వుతుంది. ముందున్న హకారం రాలిపోయింది. లోపలి హకారం, జర్మన్ వాళ్లు ‘బాఖ్’ అన్నప్పుడు గొంతులో రాసుకునే ఆ హల్లు, కొంతకాలం నిలిచి చివరికి ‘ఫ్’ అయింది. నవ్వు పోయి స్పెల్లింగు మిగిలింది. ‘కాఫ్’ కూడా అంతే. జీ, హెచ్ అని రాసినచోట ఒకప్పుడు నిజంగా దగ్గే వినిపించేది. గుర్రం ‘నే’ ఒకప్పుడు ‘హ్నేగన్’. ముందున్న ‘హ్న’లో గుర్రం ముక్కుపుటాలు అదరడం ఉంది, ఇప్పటి ‘నే’లో అది పోయింది. తుమ్ముదీ ఇదే కథ, ఇంకాస్త విచిత్రంగా. పాత ఇంగ్లీషులో ‘ఫ్నేఓసన్’. ‘ఫ్న’తో మొదలయ్యే మాటలు క్రమంగా కరువై, 15వ శతాబ్దం నాటికి ఆ స్థానంలో ‘స్న’ వచ్చి కూర్చుంది. పాత రాతలో పొడవాటి ఎస్, ఎఫ్ దాదాపు ఒకేలా ఉండటం కూడా ఇందుకు కారణమంటారు. అలా ‘స్నీజ్’ అయింది.

లాటిన్‌లో ‘పీపియో’ అంటే పావురం పిల్ల. పీపీ అని అరుస్తుంది కనుక ఆ పేరు. అదే ఫ్రెంచి మీదుగా ‘పిజన్’ అయింది, అందులో అరుపు మచ్చుకైనా లేదు. ‘పైప్’ కూడా అదే కుటుంబం. పాత ఇంగ్లీషులో దాన్ని ‘పీప’ అనేవారు, పిల్లనగ్రోవి అన్నమాట. సుమారు 15వ శతాబ్దం నుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారడంతో ‘పీ’ కాస్తా ‘పై’ అయింది. కోడిపిల్ల పాపం పీపీమనే అరుస్తోంది, మాట మాత్రం దాన్ని వదిలి ముందుకెళ్లిపోయింది. కోడిపిల్ల కోసం ‘పీప్’ అనే రూపం ఆ పని అందుకుంది.

కోకిల సంగతి ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో దాని పేరు ‘గేఆక్’ లాంటి రాతలో కనిపిస్తుంది. అదీ ఒకప్పటి అనుకరణే, కానీ ధ్వనులు మారి మారి పిట్టకి దూరమైపోయింది. 13వ శతాబ్దంలో ఫ్రెంచి వైపు నుంచి ‘కుకు’ వచ్చింది. మిగతా ‘ఊ’లన్నీ ‘ఔ’ అయిపోయిన తర్వాతి రోజుల్లో కూడా ‘కుకూ’ మాత్రం కదల్లేదు. ఏటా వసంతంలో ఆ పిట్టే వచ్చి ఇంగ్లీషు వాళ్ల ఉచ్చారణ సరిదిద్దుతుంటే ఎలా కదులుతుంది? పాత మాటకు నార్స్ భాషలో ఉన్న చుట్టం స్కాట్లాండ్‌లో ‘గౌక్’గా మిగిలింది. అక్కడ దానికి మూర్ఖుడనే అర్థం కూడా ఉంది.

ఈ చరిత్రకు తిరగేసిన ఉదాహరణ ఒకటి గ్రీకులో ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు హాస్య నాటకకర్త క్రాతినోస్ రాసిన ఒక పాదంలో, మూర్ఖుడొకడు గొర్రెలా ‘బే బే’ అంటూ పోతుంటాడు. ఆ అక్షరాలనే ఇవాళ్టి గ్రీకు ఉచ్చారణలో చదివితే ‘వీ వీ’ అని వస్తుంది. ఏ గొర్రే అలా అనదు. కాబట్టి మారింది అక్షరాల ఉచ్చారణే అని పండితులు తేల్చారు. ప్రాచీన గ్రీకును ఎలా పలికేవారో చెప్పడానికి ఒక గొర్రె సాక్ష్యం పనికొచ్చింది. పిల్లలకు ఈ కథ చెప్పండి, వ్యాకరణం మీద వాళ్లకున్న భయం సగం పోతుంది.

ఇదంతా జంతువుల గొడవ, మన సొంత గొంతులోంచి వచ్చే చప్పుళ్లయినా సహజంగా ఉంటాయిగా అనుకోవచ్చు. నేను ఒప్పుకోను. మా పక్క ఫ్లాట్‌లో ఎల్‌కేజీ పాప వేలు తలుపు సందులో నలిగింది. నేను వాళ్ల వరండాలోనే ఉన్నాను. పాప నోట ముందు వచ్చింది ‘ఔచ్’. నాయనమ్మ వంటింట్లోంచి “ఏమైందే బంగారం?” అని పరుగెత్తుకొచ్చింది. ఆమెను చూడగానే పాప పెదవి వణికింది. అప్పుడు గుక్కపట్టి “అమ్మా...” అని రాగం తీసింది. ‘ఔచ్’ వాళ్లింట్లో పెద్దలెవరూ అనరు, అది కార్టూన్ల నుంచి వచ్చింది. అమెరికన్ ఇంగ్లీషులోనే అది 19వ శతాబ్దంలో కనబడటం మొదలైన మాట, జర్మన్ నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి. అంటే నొప్పి కేక కూడా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వలస పోతుంది. మన ‘అబ్బా’, ‘అమ్మా’ వేరే పద్ధతివి. వాటిలో చప్పుడు కన్నా పిలుపు ఎక్కువ. దెబ్బ తగిలినప్పుడు తెలుగువాడు తండ్రినో తల్లినో పిలుస్తాడు. పాప ఆ నిమిషంలో రెండు భాషలూ మాట్లాడింది.

‘ప్చ్’ అని మనం నాలుక వెనక్కి లాగి చేసే చప్పుడు ఇంగ్లీషు వాళ్లకీ ఉంది. దాన్ని ‘టట్-టట్’ అని ఒక రకంగా, టీ-ఎస్-కే అని అచ్చు లేకుండా ఇంకో రకంగా రాశారు. తర్వాత జనం ఆ రాతనే చదవడం మొదలుపెట్టారు. ఇప్పుడు నిజంగానే ‘టట్-టట్’ అనేవాళ్లున్నారు. అర్థం కూడా మనది కాదు. వాళ్లది తప్పుపట్టడం. మన ‘ప్చ్’లో ‘ఏం చేస్తాం, ఇంతే’ అనే నిట్టూర్పు ఉంటుంది. అనువాదంలో ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే ఆ పాత్ర స్వభావమే మారిపోతుంది.

అందరికీ ఒకేలా ఉన్నవీ లేకపోలేదు. దాదాపు వెయ్యేళ్ల క్రితం ఎల్ఫ్రిక్ అనే ఇంగ్లీషు సన్యాసి లాటిన్ వ్యాకరణం రాస్తూ, ‘హహ’, ‘హెహె’ లాటిన్‌లోనూ ఇంగ్లీషులోనూ నవ్వునే సూచిస్తాయి అన్నాడు. మనమూ అదే రాస్తాం. వినపడనప్పుడు ‘ఆఁ?’ అంటాం కదా, దానికి ఇంగ్లీషులో ‘హఁ?’. మార్క్ డింగెమాన్స, మరో ఇద్దరు పరిశోధకులు 2013లో దీని మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఒకదానికొకటి సంబంధం లేని భాషల్లో కూడా ఇది దాదాపు ఒకే రూపంలో ఉందని చూపించారు. నాకు ముఖ్యమనిపించింది వాళ్ల రెండో మాట: ఇది తుమ్ములా దానంతటది వచ్చే చప్పుడు కాదు, ప్రతి భాషా తన అచ్చుతో, తన రాగంతో మలుచుకున్న, పిల్లలు నేర్చుకోవలసిన మాట. అన్నిటికన్నా సార్వత్రికంగా కనిపించేదే నేర్చుకోవలసిన మాట అయినప్పుడు, ‘క్రోక్’, ‘బ్లీట్’ల గురించి చెప్పేదేముంది.

ఇక నా పనికి సంబంధించిన చిక్కు. ఇంగ్లీషు తన చప్పుళ్లను ఎక్కువగా క్రియలో దాచుకుంటుంది. ‘ది డోర్ క్రీక్డ్ ఓపెన్’ అన్న నాలుగు మాటల్లో తలుపు తెరుచుకోవడం, కిర్రుమనడం కలిసి ఉన్నాయి. ‘బుల్లెట్ విజ్డ్ పాస్ట్’ అంటే పోవడమూ, పోయే చప్పుడూ ఒకే క్రియ. తెలుగు వీటిని విడదీస్తుంది: తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది, బుల్లెట్ రయ్యిమని దూసుకుపోయింది. చప్పుడు పక్కన నిలబడుతుంది, దాన్ని ‘మని’, ‘మంటూ’ పట్టుకుంటాయి. ఈ తేడా పట్టించుకోకుండా చేసిన అనువాదాల్లో ‘తలుపు శబ్దం చేస్తూ తెరుచుకుంది’ అనే వాక్యం తయారవుతుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. తెలుగులో తలుపుకి కిర్రు ఉంది, కిర్రుకిర్రు ఉంది, ధడాలు ఉంది, టపామనడం ఉంది. ఏ తలుపో, ఎంత పాతదో, ఎవరు తోశారో అన్నీ అందులోనే ఉన్నాయి. ‘శబ్దం’ అనే మాటలో ఏ శబ్దమూ లేదు.

మన పద్ధతికి ఒక గొప్ప వెసులుబాటు ఉంది. చప్పుడే అక్కర్లేదు. గజగజ వణికాడు, మిలమిల మెరిసింది, గబగబ నడిచింది, కళ్లు చెమ్మచెమ్మగా ఉన్నాయి. వెలుగుకి, వణుకుకి, తడికి, వేగానికి కూడా మనం చప్పుడు కట్టాం. ద్రావిడ, ఇండో-ఆర్యన్ భాషలు రెండిట్లోనూ ఇలాంటి జంట మాటలు దండిగా ఉండటాన్ని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో ఒక వ్యాసంలో చూపించి, ఇది భారతదేశ భాషలన్నీ పంచుకున్న లక్షణం అన్నారు. ఇంగ్లీషులోనూ జంటలున్నాయి కానీ వాటి అచ్చు మారుతుంది: టిక్-టాక్, డింగ్-డాంగ్, పిటర్-పాటర్. ముందు ‘ఇ’, తర్వాత ‘ఆ’. వరస తిప్పి ‘టాక్-టిక్’ అని ఏ ఇంగ్లీషు పిల్లా అనదు. గోడ గడియారం నిజానికి దాదాపు ఒకే చప్పుడు చేస్తూ ఉంటుంది. మన ‘టిక్‌టిక్’ దానికి దగ్గర. ఇంగ్లీషు చెవి అందులో రెండు మెట్లు వింటుంది.

నవ్వు దగ్గర మాత్రం ఇంగ్లీషుకి నేను చేతులెత్తి మొక్కుతాను. గిగిల్, టిటర్, చకుల్, స్నిగర్, కాకుల్, గఫా. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే చాలాచోట్ల ‘ఇకిలించు’, ‘బిగ్గరగా నవ్వు’, ‘నవ్వు’. మనకు మాటలు లేక కాదు. కిలకిల ఉంది, పకపక ఉంది, ఇకఇక ఉంది, కిసుక్కున ఉంది, ఫక్కున ఉంది, పగలబడటం ఉంది. ‘టిటర్’కి కిసుక్కున నవ్వడం అచ్చంగా సరిపోతుంది: నవ్వకూడని చోట నోటికి చెయ్యి అడ్డంపెట్టినా తప్పించుకుని వచ్చే నవ్వు. ‘గఫా’కి పగలబడి నవ్వడం. ‘కాకుల్’ అసలు కోడిపెట్ట గుడ్డు పెట్టాక చేసే గోల. మంత్రగత్తె అలా నవ్విందంటే నేను వికవిక నవ్విందని రాస్తాను. ‘చకుల్’ దగ్గరే ఆగిపోతాను. నోరు మూసుకుని, గొంతులోనే, కొంచెం తృప్తిగా నవ్వే నవ్వది. ముసిముసిలో చప్పుడు లేదు. ‘తనలో తాను నవ్వుకున్నాడు’ అని రాసి ముందుకెళ్తాను, ప్రతిసారీ ఏదో జారిపోయినట్టే ఉంటుంది. ఇలా ఒక్కో మాట పక్కన మన మాటను పెట్టి చూసుకునే పని పట్టికలు బట్టీ పట్టిన చెవికి రాదు. దానికి ముందు ఆ నవ్వు విని ఉండాలి.

‘స్నీజ్’లో కొత్తగా వచ్చి చేరిన ‘స్న’ గురించి కొంచెం. స్నోర్ అంటే గురక, స్నిఫ్ అంటే వాసన పీల్చడం, స్నార్ట్, స్నౌట్, స్నాట్, స్నీర్. అన్నీ ముక్కు చుట్టూ తిరిగేవే. ఇందులో ఏ ఒక్కదాన్నీ విడగొట్టి ‘స్న అంటే ముక్కు’ అని వ్యాకరణం చెప్పలేదు, కానీ ఇంగ్లీషు పుట్టు భాషగా ఉన్నవాళ్ల చెవికి అది తెలుసు. ఇలాంటి ధ్వని గుంపులకు 1930లో బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఫర్త్ ‘ఫోనెస్తీమ్’ అని పేరు పెట్టాడు. ఆయన అంతకుముందు లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశాడు, 1937లో మళ్లీ భారతదేశం వచ్చి గుజరాతీ, తెలుగు భాషల మీద పనిచేశాడు. ఇంగ్లీషుకి ఇలాంటి చెవి ఉందని చెప్పిన మనిషే తర్వాత తెలుగూ విన్నాడంటే నాకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం. పిల్లలకు స్నోర్, స్నిఫ్, స్నీజ్ విడివిడిగా ఇచ్చే బదులు ఒకే గుప్పెట్లో ఇవ్వండి. మిగతావి వాళ్లే పట్టుకొస్తారు.

ఒకే పిట్టను మూడు చెవులు ఎలా వింటాయో మన చెరువు గట్ల మీదే తెలుస్తుంది. కళ్ల ముందు ఎర్రటి తోలు, పొడుగు పసుపు కాళ్లు, మనిషి అలికిడైతే చాలు రాత్రిపూట కూడా గాల్లోకి లేచి గోల చేసే పిట్ట. సంస్కృతం దాన్ని ‘టిట్టిభం’ అంది. తెలుగులో తీతువు. రాత్రి ఇంటి మీదుగా అరుస్తూ పోతే పెద్దవాళ్లకు అపశకునం. ఇదే పిట్ట ఇక్కడున్న ఇంగ్లీషు వాళ్లకు ‘డిడ్ హి డూ ఇట్?’ అని వినిపించింది, దాన్నే పేరుగా కూడా పెట్టుకున్నారు. వాడే చేశాడా అని అడుగుతుందన్నమాట. మనకు చావు కబురు తెచ్చే గొంతు వాళ్లకు నేరం ఆరా తీసే గొంతయింది. పిట్టకు మాత్రం తన గుడ్ల దగ్గరికి ఎవరూ రాకూడదన్నదే గోల.

నేను కోరేది చాలా చిన్నది. పట్టిక తీసెయ్యమనను. ముందు వినిపించండి, తర్వాత మాట ఇవ్వండి. ఫోన్లు లేని స్కూలు లేదు, జంతువుల అరుపుల రికార్డులు ఉచితంగానే దొరుకుతాయి. ఒక పల్లెటూరి బడిలో పిల్లలతో కలిసి ఇలాగే చేశాం. కప్పల అరుపు పెట్టి, వినిపించింది వినిపించినట్టు తెలుగు లిపిలో రాయమన్నాం. ఎక్కువమంది ‘బెకబెక’ రాశారు. అది వాళ్లు విన్నదా, పుస్తకంలో చదివిందా అని నాకు అనుమానమే. ఇద్దరు ‘క్రోక్’ రాశారు, అది పట్టిక పుణ్యం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుర్రాడు ‘టర్ టర్’ రాశాడు. చివరి వరసలో ఒక పిల్ల మాత్రం ‘గ్రాఁవ్, గ్రాఁవ్’ అని రాసి, మధ్యలో ఒక సున్నా చుట్టి, ‘ఇక్కడ ఊపిరి తీసుకుంది’ అంది. మళ్లీ పెట్టి విన్నాం. నిజంగానే అక్కడ ఒక విరామం ఉంది.

అప్పుడు మిగతా కప్పల కథ చెప్పాం. సంస్కృతంలో భేకం అంటేనే కప్ప. క్రీస్తుపూర్వం 405లో ఏథెన్స్ రంగస్థలం మీద అరిస్టోఫనీస్ హాస్య నాటకంలోని కప్పలు ‘బ్రెకెకెకెక్స్ కోఆక్స్ కోఆక్స్’ అన్నాయి. అమెరికా పిల్లల పుస్తకాల్లో కప్ప ‘రిబిట్’ అంటుంది. ఆ అరుపు పసిఫిక్ తీరపు చిన్న చెట్టుకప్పది, హాలీవుడ్ పక్కనే ఉండటంతో సినిమాలకెక్కి ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి అన్ని తేడాలూ చెవిలోనే లేవు. కొన్నిచోట్ల కప్పే వేరు.

“మరి పరీక్షలో ఏం రాయాలి సార్?” అని ముందు వరసలోంచి ఒకడు లేచాడు. ఇంగ్లీషు పేపర్లో క్రోక్ రాయి, అది ఇంగ్లీషు మాట గనక, అన్నాను. తెలుగు పేపర్లో బెకబెక. ఆ పిల్ల రాసినదానికి మార్కులు వేసే గడి ఏ పేపర్లోనూ లేదు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఈసారి ఆ పట్టిక కింద నాలుగు ఖాళీ గీతలు వదిలి, ‘నువ్వు విన్నది రాయి’ అని ఒక్క వాక్యం చేర్చాలి. అచ్చుకయ్యే ఖర్చు ఏమీ పెరగదు.